అమ్మ నోట తిబెరి కైసరు

మా అమ్మ ముప్పై రెండేళ్లపాటు తెనాలి దగ్గర ఒక మిషన్ స్కూల్లో సోషల్ చెప్పింది. రిటైరయ్యాక హైదరాబాదులో నా దగ్గరికి వచ్చేసింది. ఇక ఆమెకు మిగిలిన తరగతి ఆదివారం నాటిది ఒక్కటే. నానక్‌రామ్‌గూడలో ఒక ఫర్నిచర్ దుకాణం పైన అద్దె హాల్లో మా చర్చి నడుస్తుంది. ఆరాధనకు ముందు గంటసేపు పిల్లలకు సండే స్కూల్. మిగతా టీచర్లు నోవహు ఓడ, దావీదు వడిసెల చెప్పి పాటలు పాడించి పంపేసేవారు. మా అమ్మ మాత్రం ఏ కథ మొదలుపెట్టినా ముందు ఒకటే ప్రశ్న అడిగేది.

"అప్పుడు రాజెవరు? అది చెప్పండి ముందు."

ఒక పెద్ద చార్టు మీద రోమా చక్రవర్తుల పేర్లు తనే స్కెచ్ పెన్నుతో రాసింది. యేసు పుట్టినప్పుడు ప్రజాసంఖ్య రాయించమన్నది ఔగుస్తు. యూదులను రోమా నుంచి వెళ్లగొట్టింది క్లౌదియ. నీరో పేరు బైబిల్లో ఎక్కడా రాదు, చక్రవర్తి అనే అర్థంలో కైసరు అని మాత్రమే వస్తుంది, తన విచారణ ఆయన ఎదుటే జరగాలని పౌలు అప్పీలు చేసుకున్న కైసరు అతనే. ఇవన్నీ పిల్లల చేత అప్పజెప్పించేది. వాళ్లు పాపం ఆవులిస్తూనే అప్పజెప్పేవారు.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నాన్న పోయి చాలా ఏళ్లయింది. నేను పెళ్లి చేసుకోలేదు. ఖాజాగూడ చెరువుకు కాస్త దూరంలో తొమ్మిదో అంతస్తులో మా ఫ్లాట్. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్ చూస్తాను. అప్పట్లో వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని.

ఆ నెలలో చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టాయి. లూకా సువార్త మూడో అధ్యాయం కంఠతా పట్టాలి. ఆ అధ్యాయం మొదలే ఒక పెద్ద వాక్యం. తిబెరి కైసరు ఏలుబడి పదిహేనో ఏట అని ఎత్తుకుని, పిలాతు, హేరోదు, ఫిలిప్పు, లుసానియ, అన్న, కయప అంటూ మొత్తం ఏడుగురి పేర్లూ పదవులూ చెప్పి, అప్పుడు గానీ బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి రాదు. అమ్మ ముందు తను తడుముకోకుండా చెప్పగలగాలని వంటింట్లో, బాల్కనీలో, బట్టలు మడతపెడుతూ అదే వల్లె వేసేది.

"ఎందుకమ్మా పిల్లలకు ఈ పేర్లన్నీ? ఆ తిబెరి బైబిల్లో పేరుతో వచ్చేదే ఒక్కసారి" అన్నాను ఒక రోజు.

"ఒక్కసారి చాలదా? అనగనగా అని మొదలైతే అది కథే. ఫలానా ఆయన ఏలుబడిలో పదిహేనో ఏడు అన్నారంటే దానికి ఒక తారీఖు ఉన్నట్టు. సోషల్ టీచర్ కడుపున పుట్టి ఇది కూడా తెలీకపోతే ఎట్లాగే!" అని నా నెత్తి మీద చిన్నగా మొట్టింది.

అది జరిగిన వారానికి, ఒక సోమవారం. ఏడుంబావుకి నా గదిలోకి కాఫీ తెచ్చి పెట్టింది. "పంచదార తక్కువేశాను, చూసుకో" అంది. నేను ల్యాప్‌టాప్ నుంచి తల తిప్పకుండా ఊఁ అన్నాను. మా అమ్మ నాతో చెప్పిన చివరి మాట అదే అవుతుందని ఎవరనుకుంటారు?

ఎనిమిదింటికి కాల్ మొదలైంది. ఆ వారమే కొత్త వెర్షను కస్టమరుకు ఇవ్వాలి, ముందు రోజు పెద్ద తప్పు ఒకటి బయటపడింది, అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. తలుపు దగ్గరగా వేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. హాల్లోంచి అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. పాఠం చెప్పుకుంటోందనుకున్నాను. తిబెరి కైసరు అని మొదలుపెట్టేది, ఆ తర్వాత ఏమనేదో నేను వినలేదు. మళ్లీ కాసేపటికి తిబెరి కైసరు. మళ్లీ తిబెరి కైసరు.

ఒకసారి నా గది తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "తిబెరి కైసరు" అంది. నేను వెనక్కి తిరగలేదు. అరచెయ్యి పైకెత్తి చూపించాను, ఆగమన్నట్టు. "అమ్మా, కాల్‌లో ఉన్నా" అన్నాను. ఇంకోసారి అంది. కొంచెం గట్టిగా. నేను మైకు ఆపి, "అబ్బా, అటెళ్లి చదువుకో అమ్మా" అని మళ్లీ మైకు పెట్టుకున్నాను. చెప్పులు ఈడుస్తున్న చప్పుడు హాలు వైపు వెళ్లిపోయింది. ఎప్పుడూ అంతలా ఈడ్చేది కాదు. అది కూడా తర్వాత గుర్తొచ్చిన సంగతే.

కాల్ అయ్యేసరికి పదీ నలభై అయింది. హాల్లోకి వచ్చాను. అమ్మ సోఫాలో కుడివైపుకి ఒరిగిపోయి ఉంది. కుడి చెయ్యి ఒళ్లో తనది కానట్టు పడి ఉంది. నోరు ఒక పక్కకు జారింది. బైబిలు కింద బోర్లా పడి ఉంది. నన్ను చూసి కళ్లనిండా నీళ్లతో, "తిబెరి కైసరు, తిబెరి కైసరు" అంది.

అంబులెన్సు రావడం, లిఫ్టులో స్ట్రెచరు పట్టక కుర్చీలో కూర్చోబెట్టి దించడం, ఫ్లైఓవరు కింద కంపెనీ బస్సుల మధ్య ఇరుక్కోవడం. ఆస్పత్రి చేరేసరికి పన్నెండు దాటింది. స్కాన్ తీశారు. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయిందన్నారు. యువ డాక్టరొకాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి, నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది మేడమ్. మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. దాటాక ఇస్తే మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకే టైము కావాలి. ఆమె చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎప్పుడు?"

"ఏడుంబావుకి కాఫీ ఇచ్చినప్పుడు."

"తర్వాత?"

"పాఠం చెప్పుకుంటోంది. పేర్లు."

"ఆ పేర్లన్నీ సరిగ్గా చెప్పారా? తొమ్మిదికో తొమ్మిదిన్నరకో ఒక్కసారి మొత్తం చెప్పినట్టు మీరు విని ఉంటే చాలు. అప్పటిదాకా బాగున్నట్టే లెక్క. మనకు టైము ఉంటుంది."

నేను ఆలోచించాను. ఎంత ఆలోచించానో ఆ దేవుడికే తెలుసు. పిలాతు అనడం విన్నానా? కయప దాకా వచ్చిందా? మొదటి రెండు మాటలు మాత్రమే చెవిలో ఉన్నాయి. మిగతావి ఎప్పుడు రాలిపోయాయో తెలీదు. విన్నానని చెప్పేద్దామని ఒక క్షణం నోటిదాకా వచ్చింది. అబద్ధం చెబితే ఆ మందే అమ్మను చంపవచ్చు. నిజం చెబితే మందే లేదు.

"వినలేదు డాక్టర్" అన్నాను.

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి తలాడించి లోపలికి వెళ్లిపోయాడు. ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే మాట వచ్చేదని కూడా ఎవరూ చెప్పలేరని తర్వాత చాలామంది నాకు చెప్పారు. ఆ మాటతో నేనేం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పన్నెండు రోజుల తర్వాత ఇంటికి తెచ్చాను. కాలు కొంచెం కదిలేది, చెయ్యి లేదు. మాట విషయంలో స్పీచ్ థెరపిస్టు వివరంగా చెప్పింది. కొందరికి మాటలన్నీ పోయి ఒక్క మాటే మిగులుతుందట. ఏం చెప్పాలనుకున్నా అదే వస్తుంది. కొందరికి ఒక తిట్టు, కొందరికి ఎవరిదో పేరు. మా అమ్మకు ఒక రోమా చక్రవర్తి మిగిలాడు. దాహం వేసినా తిబెరి కైసరు. నొప్పి పుట్టినా, ఫ్యాను తగ్గించమన్నా, నన్ను పిలిచినా అతని పేరే. అది తప్పని ఆమెకు తెలుసు. అన్నాక మొహం చిట్లించుకుని, తల అడ్డంగా ఊపి, మళ్లీ ప్రయత్నించేది. మళ్లీ అదే వచ్చేది.

చూసుకోవడానికి ఖాజాగూడ పాత ఊళ్లోంచి ఒకావిడ వచ్చేది. యాభై ఏళ్లుంటాయి. ఈ టవర్లు లేచిన నేలలో ఒకప్పుడు వాళ్ల అత్తగారు జొన్న కోసిందట. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. మొదటి రోజు సాయంత్రం వెళ్లబోతూ చెప్పుల దగ్గర ఆగి అడిగింది.

"ఒక మాటడుగుతా, ఏమనుకోవద్దమ్మా. తిబెరి కైసరంటే ఎవరు? మీ నాయన పేరా?"

"కాదక్కా. ఒక రాజు. రోమ్ అని, చాలా దూరదేశం. రెండు వేల ఏళ్ల కిందట."

"అగో! పెద్దమ్మ పొద్దటిసంది గాయననే పిలుస్తుంది గద. దగ్గరి సుట్టమనుకున్న. ఉంటే కబురు వంపుదామంటరేమో అనుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియక తలుపు వేసుకున్నాను. కానీ నెల తిరిగేసరికి ఆమె నాకు రానిది నేర్చేసుకుంది. "తిబెరి గట్టిగంటే నీళ్లు. కైసరు గుంజితే నడుము నొప్పి. రెండూ జల్దీ జల్దీ అంటే బాత్రూముకు పోవాలె" అని నాకు పాఠం చెప్పింది. నేను ఎంత చెవులు రిక్కించినా నాకు అన్నీ ఒకేలా వినిపించేవి.

మా చర్చి ఆడవాళ్లు చాలా మంచివాళ్లు. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ వంతులేసుకుని క్యారేజీలు తెచ్చారు. ఇంటికి వచ్చాక బుధవారాలు ప్రార్థనకు వచ్చేవారు. ఒక బుధవారం వాళ్లతో కూకట్‌పల్లి నుంచి ఒక సిస్టర్ వచ్చింది. ఆమెకు దర్శనాలు వస్తాయని పేరు. అమ్మ మంచం పక్కన కూర్చుని, అమ్మ రెండుసార్లు ఆ మాట అనగానే కళ్లు మూసుకుని అంది:

"కైసరంటే అధికారమండి. పరిపాలకుల గురించి ప్రభువు ఆమె నోట పలికిస్తున్నాడు. ఊరికే రోగమనుకోకండి."

"డాక్టరు చెప్పారండీ, మెదడులో..." అని నేను మొదలుపెట్టాను.

"డాక్టర్లకు వాళ్లకు తెలిసింది వాళ్లు చెప్తారమ్మా" అంది, ప్రేమగానే.

ఆ తర్వాతి బుధవారం ఏడుగురు వచ్చారు. ఒకామె చేతిలో నోటు పుస్తకం. ఇంకొకామె, నాకు బాగా తెలిసిన మనిషి, అమ్మ ఎడమ చెయ్యి పట్టుకుని ఏడుస్తూ అడిగింది. "మా ఆయన్ని ప్రాజెక్టు లేకుండా మూడు నెలల నుంచి బెంచి మీద ఉంచారమ్మా. ఉద్యోగం ఉంటుందో తీసేస్తారో ప్రభువును అడగండమ్మా."

అమ్మ ఆమె వంక చూసింది. చెయ్యి లాక్కోబోయింది. "తిబెరి కైసరు" అంది. మళ్లీ అంది. తొందర తొందరగా నాలుగుసార్లు.

"నాలుగు మాట్లు అన్నారు. నాలుగో నెలలో వస్తుందేమో" అంది నోటు పుస్తకం ఆమె, రాసుకుంటూ.

అమ్మ చెయ్యి విడిపించుకుని మంచాన్ని అరచేత్తో బాదడం మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. సిస్టర్ స్తోత్రం, స్తోత్రం అంది. అందరూ అందుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆపమనాలి. ఆస్పత్రి వరండాలో నా తల ఒళ్లో పెట్టుకున్న మనుషులు వీళ్లు. ఆపమని ఎలా అనను?

అప్పుడు వంటింట్లోంచి అక్క వచ్చింది, చేతికి పిండితోనే.

"జరుగుండ్రి, జర జరుగుండ్రమ్మా! గామె బాత్రూముకు పోవాలంటుంది. ఎంత సేపాయె అడుగుతుంది, ఎవ్వలకూ ఇనిపిస్తలేదా?"

అందరూ మంచం దగ్గర్నుంచి పక్కకు జరిగారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. అక్క దుప్పటి మార్చింది. ఆడవాళ్లు తలలు వంచుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఆమె నా దగ్గర ఆగి, "క్షమించమ్మా, నాకు వేరే దారి కనబడలేదు" అంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు.

అమ్మకు మాట అర్థమవుతుందా అంటే చాలావరకు అవుతుందన్నారు. అందుకని శని ఆదివారాల్లో ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని. ఏం చదవాలో తెలియక, నోట్లో ఉన్నవాడి గురించే చదవడం మొదలుపెట్టాను. ఆఫీసుకు వెళ్లే దారిలో ఫోనులో దొరికినవి వెతికి పెట్టుకుని, బాల్కనీలో ఆమెను కూర్చోబెట్టి తెలుగులో చెప్పేదాన్ని.

ఔగుస్తుకు సవతి కొడుకట. సింహాసనం ఎక్కేసరికి యాభై ఐదేళ్లు దగ్గర పడ్డాయట. పన్ను కట్టవచ్చా అని అడిగినప్పుడు యేసు చేతికి వచ్చిన దేనారం అనే వెండి నాణెం మీద ఉన్న బొమ్మ బహుశా ఇతనిదేనట. యేసును వదిలేస్తే నువ్వు కైసరుకు స్నేహితుడివి కావని జనం పిలాతును బెదిరించినప్పుడు, ఆ కైసరూ ఇతనే. చివరి పదేళ్లు రోమాలో లేడు. ఒక చిన్న దీవిలో, సముద్రం మీది కొండ అంచున భవనం కట్టుకుని, ఉత్తరాలతో రాజ్యం నడిపాడు. యెరూషలేములో ఒక వడ్రంగిని సిలువ వేశారని అతనికి తెలిసే ఉండదని చాలామంది అంటారు. ఎవరి పేరు మీద శిక్ష పడిందో ఆ మనిషికే కబురు లేదు.

తర్వాతి కాలపు క్రైస్తవులు ఈ సంగతిని అలా వదిలేయలేకపోయారు. పిలాతు అంతా రాసి పంపాడని, అది చదివిన తిబెరి క్రీస్తును కూడా దేవుళ్లలో చేర్చమని తన పెద్దల సభను అడిగాడని, సభ ఒప్పుకోలేదని రాసుకున్నారు. ఇది చదవగానే అమ్మ నా వంక చూసి కనుబొమ్మలు ఎగరేసి, "తిబెరి కైసరు!" అంది, సాగదీసి. ఎవడో పరీక్షలో సొంత కవిత్వం రాస్తే పేపరు దిద్దుతూ అనేదే ఆ గొంతు. నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా, ఉన్న సగం మొహంతో నవ్వింది. ఆ ఏడాదిలో మేము కలిసి నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

ఇంకో పాత కథ కూడా దొరికింది. అందులో తిబెరికి మందుల్లేని జబ్బు చేస్తుంది. యెరూషలేములో ఒకాయన ఒక్క మాటతో రోగాలు నయం చేస్తాడని విని తీసుకురమ్మని మనిషిని పంపుతాడు. ఆ మనిషి సముద్రం దాటి వెళ్లి పిలాతును అడుగుతాడు. అప్పటికే ఆయన్ను చంపేసి ఉంటారు. అక్కడిదాకా చదివి ఆగిపోయాను. అమ్మ ఎడమ చేత్తో నా మోకాలు తట్టింది, తర్వాత ఏమైంది అన్నట్టు. ఒక స్త్రీ దగ్గర యేసు ముఖం అద్దిన గుడ్డ ఉందని, అది తెచ్చి చూపిస్తే రాజుకు నయమైందని చదివేశాను. చరిత్రలో అలాంటిదేమీ జరగలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా విని, చెరువు వైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడు అడిగాను. ఎనిమిది నెలలుగా అడగలేనిది.

"అమ్మా, ఆ రోజు నా గది గుమ్మంలోకి వచ్చావు కదా. అప్పటికే మాట పోయిందా? నన్ను పిలుస్తున్నావా?"

అమ్మ అవునన్నట్టు తల ఊపింది.

అప్పుడు థెరపిస్టు చెప్పిన మాట గుర్తొచ్చింది. అవును, కాదు అనే రెండూ ఆమెకు కలగలిసిపోతాయి, తల ఊపితే నమ్మవద్దు, ప్రశ్న తిప్పి అడగండి అని. తిప్పి అడిగాను.

"లేకపోతే పాఠం అప్పజెప్పడానికి వచ్చావా? అప్పటికి బాగానే ఉన్నావా?"

అమ్మ మళ్లీ అలాగే తల ఊపింది. అంతే నమ్మకంగా. తర్వాత నా మొహం చూసి కంగారుపడి, బాగున్న చేత్తో నా బుగ్గ తుడిచి, "తిబెరి కైసరు, తిబెరి కైసరు" అంది, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు. ఏం చెప్పిందో నాకు తెలీదు. ఇక మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఆఫీసుకు వారానికి నాలుగు రోజులు వెళ్లాలి. ఇంట్లో అక్క ఉంటుంది. అమ్మ చేతికర్రతో హాలు దాటుతుంది. పాట ఎత్తుకుంటే కొన్ని మాటలు రాగంతో పాటు వస్తాయి, పాట ఆగగానే అవీ పోతాయి. పోయిన వారం థెరపిస్టు ఫైలు మూసి, ఇక నెలకు ఒకసారి వస్తే చాలంది. ఆమె చేయగలిగింది చేసిందని నాకు అర్థమైంది. సరేనన్నాను.

అక్కడి నుంచి తిరిగి వస్తూ బయోడైవర్సిటీ జంక్షను దగ్గర సిగ్నల్లో ఆగాం. సాయంత్రం ఐదయింది. అమ్మ నా పక్క సీట్లో, అక్క వెనక. ఉన్నట్టుండి అమ్మ కిటికీ అద్దం మీద వేలితో కొట్టి బయటికి చూపిస్తూ గబగబా ఆ పేరు అనడం మొదలుపెట్టింది. మొహం వెలిగిపోతోంది. ఏదో చూసింది, నాకు చూపించాలి.

"ఏంటమ్మా? ఆ బస్సా?"

కాదన్నట్టు చెయ్యి విదిలించింది.

"హోర్డింగా? ఆ పూలమ్మే ఆవిడా? ఎవరైనా తెలిసినవాళ్లా?"

మళ్లీ చూపించింది. నేను ఆమె వేలి వెంట వంగి చూశాను. కార్లు, బైకులు, అద్దాల గోడలు, మెడలో ట్యాగులతో రోడ్డు దాటుతున్న పిల్లలు. "అక్కా, నువ్వు చూడు" అన్నాను.

అక్క కూడా అద్దానికి మొహం ఆనించి చూసింది. "నాకు గూడ సమజైతలేదమ్మా" అంది.

పచ్చ లైటు పడింది. వెనక హారన్లు. గేరు వేసి ముందుకు పోనిచ్చాను. అమ్మ కాసేపు మెడ తిప్పి వెనక్కే చూసింది. ఆ తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకుని సర్దుకుని కూర్చుంది.